డ్యామ్ ఒక్కటే చూసి తిరిగి రాకండి



శ్రీశైలం నిండింది, నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారు అన్న వార్త రాగానే హైదరాబాదు, నల్లగొండ, గుంటూరు దారులన్నీ సాగర్ వైపు తిరుగుతాయి. ఆదివారమైతే వంతెన మీద కారు కదలదు. గేట్ల నుంచి దూకే నీళ్లు చూసి పిల్లలు కేరింతలు కొడతారు, పెద్దలు ఫోటోలు తీసుకుంటారు. రోడ్డు పక్కన వేయించిన చేపలు తిని, ఎత్తిపోతల జలపాతం దగ్గర కాసేపు ఆగి, చీకటి పడేవేళకు తిరుగుముఖం పడతారు. ఇందులో తప్పేమీ లేదు. వరద నీటిని కళ్లారా చూడటం కూడా ఒక పండగే. కాకపోతే అంత దూరం వెళ్లినవాళ్లలో చాలామంది డ్యామ్‌కి ముందున్నది చూస్తారు, వెనకున్నది చూడరు. ఈ ప్రసంగం ఆ వెనకున్న దాని గురించి.

డ్యామ్ వెనక నిలిచిన నీళ్లలో లాంచీ మీద గంటకు అటూ ఇటూ ప్రయాణం చేస్తే ఒక దీవి వస్తుంది. పుట్టుకతో అది దీవి కాదు, కొండ. చుట్టూ ఉన్న లోయ మునిగిపోతే పై భాగం మాత్రం నీటి మీద మిగిలింది. అదే నాగార్జునకొండ. ఆ కొండ మీద కేంద్ర పురావస్తు శాఖ నడిపే మ్యూజియం ఉంది. దాని చుట్టూ చెట్లు, పచ్చిక, పూలమొక్కలు ఉన్నాయి. కొంచెం నడిస్తే మధ్యయుగాల నాటి కోట గోడలు, కింది లోయ నుంచి విప్పి తెచ్చి మళ్లీ పేర్చిన బౌద్ధ కట్టడాలు కనిపిస్తాయి. అమ్మమ్మకు కూర్చోవడానికి నీడ, పిల్లలకు పరుగెత్తడానికి జాగా, చూడాలనుకునేవాళ్లకు పదిహేడు వందల ఏళ్ల కిందటి శిల్పాలు అక్కడే దొరుకుతాయి. పైగా దారి పొడవునా కృష్ణమ్మ. కుటుంబమంతా ఒక్కరోజులో వెళ్లి రాగలిగిన ఇలాంటి చోటు తెలుగు నేల మీద అరుదు.

ఈ లోయ సంగతి బయటి లోకానికి తెలిసి సుమారు నూరేళ్లే అయిందని చెప్పాలి. 1926లో మద్రాసు శాసన విభాగంలో తెలుగు సహాయకుడిగా ఉన్న ఎ. రంగస్వామి సరస్వతి పలనాటి కొండల మధ్యకు వచ్చి ఇక్కడి రాతి స్తంభాలను గుర్తించారు. అప్పటికి ఇది పుల్లారెడ్డిగూడెం అనే చిన్న ఊరి పొలాల్లో, మూడు వైపులా కొండలు, నాలుగో వైపు నది ఉన్న మారుమూల. మరుసటి ఏడాది నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ అనే ఆంగ్లేయ అధికారి తవ్వించారు. మట్టి తీసేకొద్దీ స్తూపాలు, విహారాలు, మండపాలు, శాసనాలు ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాయి.

శాతవాహనుల తర్వాత, క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇదేనని ఆ శాసనాలు తేల్చాయి. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు అనే నలుగురు రాజుల పేర్లు వాటిలో ఉన్నాయి. మొదటి శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదిక ధర్మపరుడు. ఆయన ఇంటి ఆడవాళ్లేమో బౌద్ధానికి దానాలిచ్చారు. ఒకే ఇంట్లో రెండు మార్గాలు, గొడవ లేకుండా. ఆయన చెల్లెలు చాంతిసిరి ఇక్కడి మహాచైత్యాన్ని కట్టించింది. బోధిసిరి అనే ఉపాసికది రాజకుటుంబం కూడా కాదు. ఆమె వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, ద్రమిళ, తామ్రపర్ణి వంటి దేశాల పేర్లు వరసగా వస్తాయి. ఆ దేశాల వారికి ధర్మం బోధించిన సింహళ ఆచార్యులకు తాను చైత్యగృహం కట్టించి ఇచ్చానని చెప్పుకుంది. ఈనాడు మాచర్ల అవతల మారుమూల అనిపించే చోటు, అప్పట్లో శ్రీలంక భిక్షువులకు చిరునామా.

ఇంత చరిత్ర బయటపడిన పాతికేళ్లకే ఆ లోయకు గడువు పడింది. కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టాలన్న నిర్ణయం జరిగింది. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ వంటివారు దీనికోసం ఏళ్ల తరబడి పట్టుబట్టారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం వైపు, ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం, కృష్ణా వైపు సాగాయి. మెట్ట పొలాల్లో వరి పండింది. ఆ బియ్యం తిని పెరిగిన తరాలు ఇవాళ తెలుగు రాష్ట్రాల్లోనూ, అమెరికాలోనూ, దుబాయ్‌లోనూ ఉన్నాయి. వాళ్లందరి కంచంలో అన్నానికి ఒక నగరం తన చోటు ఖాళీ చేసి ఇచ్చింది. నీళ్లు రావాలంటే లోయ మునగాలి. వేరే దారి లేకపోయింది. పుల్లారెడ్డిగూడెం వంటి ఊళ్లు కూడా ఇల్లూ వాకిలీ విడిచి లేచిపోయాయి.

మునిగేలోగా ఎంత వీలైతే అంత కాపాడాలని 1954లో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలయ్యాయి. ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ బృందం ఆరేళ్లపాటు ఆ లోయలో పనిచేసింది. వందకు పైగా చోట్ల తవ్వారు. రాతియుగపు పనిముట్ల నుంచి రెడ్డిరాజుల, విజయనగర కాలపు ఆనవాళ్ల దాకా అక్కడ మనుషులు బతికిన జాడలన్నీ నమోదు చేశారు. తర్వాత అసలు కష్టమైన పని చేపట్టారు. ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను విప్పి కొండ మీదికి చేర్చి తిరిగి నిలబెట్టారు. మరో పద్నాలుగింటి నమూనాలను నది ఒడ్డున అనుపు దగ్గర కట్టారు. మన దేశంలో ఆనకట్ట నీళ్ల నుంచి చరిత్రను ఇంత పెద్ద ఎత్తున కాపాడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట వల్ల అబూ సింబెల్ ఆలయాలను కోసి ఎత్తున పెట్టిన సంగతి లోకమంతా చెప్పుకుంటుంది. ఆ ఆలయాల తరలింపు 1964లో మొదలైంది. మన పలనాటి లోయలో తవ్వకాలు అంతకు పదేళ్ల ముందే మొదలయ్యాయి. ఈ మాట మన పాఠ్యపుస్తకాల్లో పెద్ద అక్షరాలతో ఉండాల్సింది.

ఇక ప్రయాణం మాట. హైదరాబాదు నుంచి సాగర్ సుమారు 150 కిలోమీటర్లు, అంటే మూడు గంటల పైచిలుకు. గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లు మాచర్ల మీదుగా చేరతారు. కుడి గట్టున విజయపురి సౌత్‌లో లాంచీ స్టేషన్ ఉంది. తెల్లవారుజామున బయలుదేరి పొద్దున లాంచీ అందుకుంటే మిగతా రోజంతా తేలికవుతుంది. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లడం మంచిది. దీవి మీద భోజనం దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకూడదు. మంచినీళ్లు, టోపీలు, పెద్దవాళ్లు రోజూ వేసుకునే మందులు సంచిలో ఉండాలి. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. జలాశయంలో నీళ్లుంటాయి, ఎండ సహిస్తుంది. వేసవిలో నీళ్లు తగ్గిపోతాయి, రాళ్లు కాలిపోతుంటాయి. ఆ రోజుల్లో చిన్నపిల్లలను, ముసలివాళ్లను తీసుకెళ్లకపోవడమే మేలు.

లాంచీవాళ్లు దీవిలో దింపి, తిరుగు ప్రయాణానికి ఒక వేళ చెబుతారు. మామూలుగా గంటో, కాస్త ఎక్కువో. ఇక్కడే చాలా కుటుంబాలు తడబడతాయి. అన్నీ చూసేయాలన్న తొందరలో మ్యూజియంలోకి ఒక గుమ్మంలో దూరి ఇంకో గుమ్మంలో బయటికొస్తాయి. పిల్లలకు ఏమీ గుర్తుండదు, పెద్దలకు కాళ్ల నొప్పులు మిగులుతాయి. దానికన్నా ముందే ఇంట్లో కూర్చుని నాలుగైదు వస్తువులు ఎంచుకుని, వాటి దగ్గరే నిలబడటం మంచిది. అన్నీ చూడకపోతే కొంపలేమీ మునగవు. మళ్లీ రావచ్చు.

మొట్టమొదట చూడాల్సింది మునిగిన లోయ నమూనా. ఏ కొండ ఎక్కడుంది, నది ఎటు పారింది, మహాచైత్యం ఏ మూల, రాజుగారి కోట ఏ మూల అన్నది ఆ నమూనా మీద తెలుస్తుంది. లాంచీలో తాము దాటి వచ్చిన నీళ్ల కింద ఏముందో పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది. దాన్ని చూశాక తక్కిన రాళ్లు మాట్లాడతాయి. చూడకముందు అవి వట్టి రాళ్లు.

తర్వాత శిబి కథ చెక్కిన ఫలకం. డేగ బారి నుంచి పావురాన్ని కాపాడటానికి రాజు తన తొడ మాంసం కోసి ఇచ్చిన కథ భారతంలోనూ ఉంది, జాతక కథల్లోనూ ఉంది. తెలుగిళ్లలో బామ్మలకు వచ్చిన కథే. ఆ రాయి ముందు నిలబడి కథ చెప్పే పని బామ్మకే అప్పగించాలి. గైడ్ చెప్పేదానికన్నా, గోడ మీద కాగితం చెప్పేదానికన్నా అది బాగుంటుంది. ఇంట్లో పెద్దవాళ్లకు చదువు లేకపోయినా మ్యూజియంలో వాళ్లే ఉపాధ్యాయులు కాగలరని పిల్లలకు తెలియడం చిన్న విషయం కాదు.

పిల్లలకు ఇంకో పని అప్పగించవచ్చు. బుద్ధుడు లేని బుద్ధుణ్ణి వెతకమనండి. తొలినాటి శిల్పులు బుద్ధుణ్ణి మనిషిగా చెక్కలేదు. ఖాళీ సింహాసనం, పాదముద్రలు, బోధివృక్షం, ధర్మచక్రం చెక్కి ఆయన అక్కడున్నాడని సూచించారు. తర్వాతి కాలంలో మానవ రూపం వచ్చింది. నాగార్జునకొండ శిల్పాల్లో రెండు పద్ధతులూ కనిపిస్తాయి. ఒకచోట జనమంతా ఖాళీ ఆసనానికి మొక్కుతుంటారు, ఇంకోచోట మనిషి కన్నా ఎత్తైన బుద్ధుడు నిలబడి ఉంటాడు. ఈ తేడా తెలిసిన పదేళ్ల పిల్ల ఆ గదుల్లో పెద్దల కన్నా ఎక్కువ చూస్తుంది.

ఇంకొక స్తంభం మీద ప్యాంటు, కోటు, శిరస్త్రాణం వేసుకున్న సైనికుడు ఉన్నాడు. పంచెకట్టు మనుషుల మధ్య ఈయనెవరని ఎవరికైనా సందేహం వస్తుంది. అది శకుల వేషం. ఇక్ష్వాకుల రాణుల్లో రుద్రధర భట్టారిక అనే ఆమె ఉజ్జయిని మహారాజు కూతురని శాసనం చెబుతోంది. అంటే పశ్చిమాన ఉజ్జయినిని ఏలిన శకులతో వియ్యం అందుకున్న కొలువు ఇది. రోమన్ బంగారు నాణేలు కూడా ఈ లోయలో దొరికాయి. కృష్ణ ఒడ్డున ఉన్న ఈ ఊరికి సముద్రాల అవతలి వరకు రాకపోకలుండేవని చెప్పడానికి ఆ సైనికుడూ, ఆ నాణేలూ చాలు.

పెద్దలు మాత్రం ఛాయాస్తంభాల దగ్గర కాస్త ఆగాలి. చనిపోయినవారి జ్ఞాపకార్థం నిలబెట్టిన రాళ్లవి. మొదటి శాంతమూలుడి కోసం ఆయన తల్లులు, చెల్లెళ్లు, భార్యలు కలిసి నిలబెట్టిన స్తంభం వాటిలో ఒకటి. దాని మీద ఆ రాజు జీవితాన్ని చెక్కించారు. యుద్ధంలో పోయిన సైనికులకూ, చేతిపని ఎరిగిన శిల్పికీ కూడా ఇలాంటి స్తంభాలు ఇక్కడ దొరికాయి. రాజుకూ, పనివాడికీ ఒకే తీరు గుర్తు పెట్టిన ఆ సమాజం గురించి తండ్రీ కొడుకులు కాసేపు మాట్లాడుకోవచ్చు.

మ్యూజియం నుంచి బయటపడ్డాక తోటలోకి రావాలి. చెట్ల కింద కూర్చుని అన్నం సంచి విప్పడానికి అదే సమయం. తిన్న ఆకులు, ప్లాస్టిక్ సీసాలు తిరిగి సంచిలోనే పెట్టుకోవాలి. దీవి మీద పారేసింది చివరికి చేరేది మనం తాగే నీళ్లలోకే. తర్వాత నింపాదిగా తిరిగి నిలబెట్టిన కట్టడాల వైపు నడవాలి. మహాచైత్యం అడుగు కట్టడం పైనుంచి చూస్తే బండి చక్రంలా ఉంటుంది. నడుమ ఇరుసు, చుట్టూ ఆకులు, వాటిని కలిపే గుండ్రటి గోడ, మధ్య ఖాళీల్లో మట్టి. ఇంత పెద్ద దిబ్బ జారిపోకుండా నిలబడటానికి చేసిన ఏర్పాటు అది. అసలు మహాచైత్యం అడ్డుకొలత 106 అడుగులు. లాంగ్‌హర్స్ట్ తవ్వకాల్లో దాని గర్భంలో చిన్న బంగారు పెట్టెలో ఎముక ముక్క దొరికింది. శాసనాలు దీన్ని బుద్ధుడి మహాచైత్యమనే అంటున్నాయి. ఆ ధాతువును తర్వాత సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి అప్పగించారు.

పలనాటి రాతితో కట్టిన స్నానఘట్టపు మెట్లు పిల్లలకు నచ్చుతాయి. ఒకప్పుడు కృష్ణలోకి దిగిన మెట్లవి. ఇప్పుడు కొండ మీద ఉన్నాయి.

లాంచీ దిగి ఒడ్డుకు వచ్చాక ఓపిక ఉంటే అనుపుకు వెళ్లాలి. విజయపురి సౌత్ నుంచి కొద్ది కిలోమీటర్లే. కొందరు నేరుగా ఎత్తిపోతలకు పోతారు గానీ, ఒక్కటే చూడగలిగితే అనుపే చూడమని ఈ ప్రసంగం సిఫార్సు. అక్కడ రంగస్థలం ఒకటి ఉంది. సుమారు 55 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు ఉన్న చదునైన నేల, దానికి నాలుగు వైపులా మెట్లు మెట్లుగా కూర్చునే వరసలు. ఇలాంటి కట్టడం ప్రాచీన భారతదేశంలో ఇంకెక్కడా ఇంత స్పష్టంగా దొరకలేదు. ఆటలో, పాటలో, కుస్తీ పోటీలో ఇక్కడ జరిగి ఉండాలి. పిల్లల్లో ఒకరిని మధ్యలో నిలబెట్టి నాలుగు మాటలు చెప్పమని, తక్కినవాళ్లు పై మెట్టు మీద కూర్చుని వినాలి. మెల్లగా చెప్పినా మాట చేరుతుంది. దీనికి పైన గుట్ట మీద పిల్లలను కాపాడే దేవతగా బౌద్ధులు కొలిచిన హారీతికి గుడి ఉండేది. అంటే ఆ రోజుల్లోనూ ఇక్కడికి జనం పిల్లాపాపలతోనే వచ్చేవారన్న మాట.

హైదరాబాదు వైపు నుంచి వచ్చినవాళ్లకు తిరుగుదారిలో ఇంకో తోట ఉంది. ఎడమ గట్టున, నల్లగొండ జిల్లా వైపు, 274 ఎకరాల్లో తెలంగాణ ప్రభుత్వం కట్టిన బుద్ధవనం 2022 మే 14న తెరుచుకుంది. బుద్ధుడి జీవిత ఘట్టాలతో ఒక వనం, జాతక కథలతో ఒక వనం, ధ్యానానికి ఒక వనం, దేశవిదేశాల స్తూపాల చిన్న నమూనాలతో ఒక వనం. మధ్యలో అమరావతి స్తూపాన్ని తలపించే మహాస్తూపం ఉంది. దీని లోపలికి వెళ్లవచ్చు. ప్రాచీన స్తూపాలు లోపల మట్టితో, ఇటుకలతో నిండి ఉండేవి. దీన్ని మాత్రం బోలుగా కట్టారు. పొద్దున దీవిలో చక్రపు పునాది చూసిన పిల్లలకు ఆ పునాది మీద పైకి లేచిన కట్టడం ఎలా ఉండేదో ఇక్కడ తెలుస్తుంది. అందుకే ముందు కొండ, తర్వాత వనం. వరస తారుమారైతే కొత్తగా కట్టిన అందం ముందు పాత రాళ్లు చిన్నబోతాయి. బుద్ధవనంలో మధ్యాహ్నపు ఎండ గట్టిగా ఉంటుంది కాబట్టి నాలుగు దాటాక వెళ్లడం మంచిది.

దీవి, అనుపు, ఎత్తిపోతల, బుద్ధవనం, డ్యామ్ అన్నీ ఒకేరోజు చుట్టేయాలని మాత్రం అనుకోవద్దు. దీవి తప్పనిసరి. దానికి తోడు ఇంకొకటి చాలు.

బడుల వారికి ఒక విన్నపం. విహారయాత్రలంటే ఇప్పుడు వాటర్ పార్కులూ, ఫిల్మ్ సిటీలూ అయిపోయాయి. పలనాడు, నల్లగొండ, గుంటూరు, ఖమ్మం జిల్లాల పిల్లలు ఈ కాలువల పక్కనే పుట్టి పెరుగుతున్నారు. ఆరు నుంచి పదో తరగతి మధ్యలో ఒక్కసారైనా వాళ్లను లాంచీ ఎక్కించి ఈ కొండకు తీసుకెళ్లండి. పదిహేనేళ్లలోపు పిల్లలకు పురావస్తు శాఖ మ్యూజియంలో ప్రవేశ రుసుము లేదు. ఖర్చంతా బస్సుకూ, లాంచీకీ మాత్రమే. పాఠం చెప్పే ఉపాధ్యాయులు ముందొకసారి వెళ్లి చూసుకొస్తే మరీ మంచిది.

వెళ్లాలనుకునే శ్రోతలు రెండు సంగతులు గుర్తుంచుకోండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. నీటిమట్టం, గాలి తీరును బట్టి లాంచీలు కొన్ని రోజులు నడవవు. అందుకే బయలుదేరే ముందురోజు లాంచీ స్టేషన్‌లో అడిగి, పడవ వేళ ఖాయం చేసుకున్నాకే ప్రయాణం పెట్టుకోండి.